ఆటోనగర్లో కొన్న డీజిల్ పంపు, రెండు పానాలతో మేమే మార్చేశాం

మాది కాలవ మీద పెట్టే 5 హెచ్‌పీ కిర్లోస్కర్ ఇంజను, నాన్న హయాం నాటిది. మొన్న నారుమడికి నీళ్ళు పెడుతుంటే లోడు లాగడం మానేసింది, హ్యాండిల్ తిప్పీ తిప్పీ మా బావ భుజాలు పడిపోయాయి. ఫిల్టరు మార్చాం, నాజిల్ మార్చాం, ఊహూ. ఇంజనుకి డీజిల్ కొట్టే పంపులో ఎలిమెంట్ (డీజిల్‌ని నెట్టే లోపలి ముక్క) అరిగిందని అర్థమైంది. మేస్త్రీ వారం ఆగమన్నాడు, నాట్లు ఆగుతాయా? బెజవాడ ఆటోనగర్ వెళ్ళి కొత్తది తెచ్చాం.

షాపు పేరు రాయట్లేదు, కారణం కింద చెప్తా. కౌంటర్లో పెద్దాయన మాత్రం పనిమంతుడు, పాత పంపు చేతిలో పెట్టగానే బాడీ మీద నంబరు టార్చితో చదివి "మైకోనా, లోకలా?" అన్నాడు. ఆ కంపెనీ 2008లో బాష్ అయిపోయినా ఆటోనగర్లో ఇంకా మైకోనే లెండి. డబ్బులు ఎక్కువైనా ఒరిజినల్ తీసుకున్నాం. తగాదా ఎక్కడంటే, పంపు కింద వేసే పల్చటి షిమ్ములు అడిగితే అక్కడి కుర్రాడు "అవేం అక్కర్లేదన్నా, బిగించి కొట్టెయ్" అన్నాడు. ఇది తప్పు సలహా. షిమ్ము ఎక్కువైతే డీజిల్ లేటుగా పడుద్ది, తగ్గితే ముందే పడుద్ది, ఇంజను టైమింగంతా ఆ రేకుల్లోనే ఉంది. అదృష్టం కొద్దీ పాతవి పారెయ్యలేదు.

ఇంటికొచ్చి పాత షిమ్ములు ఉన్నవి ఉన్నట్టే వేసి పంపు దించాం. ఇక్కడ జాగ్రత్త, పంపు ర్యాక్ పిన్ను (డీజిల్ ఎంత పడాలో మార్చేది) గవర్నర్ లివరు (స్పీడు అదుపు చేసేది) చీలికలో కూర్చోవాలి, పక్కకి జారితే స్టార్ట్ అవగానే ఇంజను అదుపు లేకుండా పరిగెడుద్ది, ఆపడం మహా కష్టం. మేం రెండుసార్లు విప్పి చూసుకున్నాం.

టైమింగ్‌కి మిషను ఏమీ వాడలేదు. పంపు పైన ఉండే డెలివరీ వాల్వు, స్ప్రింగు బయటికి తీసి, వాటిని పట్టి ఉంచే హోల్డరు మళ్ళీ బిగిస్తే ట్యాంకు నుంచి డీజిల్ దానంతటదే పైకి ఉబికి వస్తది. డికంప్రెషన్ లివరు (ఇంజను లోపలి ఒత్తిడి వదిలేది) ఎత్తి ఫ్లైవీల్ తిరిగే వైపే మెల్లగా తిప్పుతుంటే ఒకచోట ధార టక్కున ఆగుద్ది, ఆ క్షణానికి ఫ్లైవీల్ మీద ఇంజెక్షన్ గీత కరెక్టుగా గుర్తు దగ్గర ఉండాలి. మాకు గీత వేలెడు దాటిపోయాక ఆగింది, అంటే లేటు. ఒక పల్చటి షిమ్ము తీసేసి మళ్ళీ చూస్తే గీత మీదకొచ్చింది. వాల్వు తీసిన చోట మట్టి పడకూడదు, అందుకని మా ఆవిడ కొత్త స్టీలు పళ్ళెం తెచ్చా, ఆ తిట్లు ఇంకా ఆగలా.

తర్వాత వాల్వు, స్ప్రింగు మళ్ళీ వేసి, ఎయిర్ తీసి, నాజిల్ దగ్గర పైపు నట్టు వదులు చేసి బుడగలు పోయేదాకా తిప్పి బిగించాం (ఆ ధారకి వేలు అడ్డం పెట్టకండి, చర్మంలోకి దూసుకుపోద్ది). రెండో తిప్పుకే అందుకుంది. నల్ల పొగ లేదు, రాత్రంతా నీళ్ళు తోడింది.

పంపుకి 5కి 5, షాపుకి 3. డబ్బా సీలు తీస్తే వాపసు తీసుకోరు, కాబట్టి నంబరు అక్కడే సరిచూసుకుని, షిమ్ములు ఇచ్చేదాకా కౌంటరు దగ్గరే నిలబడండి.