న్యూజెర్సీ మందుల కార్డు ఉన్న పెద్దవాళ్లకు తెలుగులో ఫోను వస్తే జాగ్రత్త

మీ అమ్మానాన్నలు న్యూజెర్సీలో ఉంటూ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పీఏఏడీ మందుల కార్డు వాడుతుంటే, దయచేసి ఇది చివరిదాకా చదవండి. తెలుగులో మాట్లాడిన ఒక బీమా ఏజెంటు వల్ల మా అమ్మ జనవరిలో ఊపిరి కోసం ఇబ్బంది పడింది. ఆ ఇబ్బంది ఇంకో ఇంటికి రాకూడదు.

అమ్మకు డెబ్బై రెండేళ్లు, ఆస్తమా ఉంది. నాన్నగారు ఇక్కడ పదేళ్లకు పైగా ఉద్యోగం చేసినందువల్ల ఆమెకు మెడికేర్, అంటే పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా వచ్చింది. మందుల ఖర్చుకు విడిగా తీసుకునే పార్ట్ డి అనే బీమా ప్లాను, దాని మీద పీఏఏడీ ఉండేవి. పీఏఏడీ 1975 నుంచి నడుస్తోంది. 65 దాటినవాళ్లకూ, సోషల్ సెక్యూరిటీ వికలాంగుల భృతి అందుకునే పెద్దలకూ ఇస్తారు. 2025లో ఏడాది ఆదాయ పరిమితి ఒంటరివారికి 53,446 డాలర్లు, దంపతులకు 60,690 డాలర్లు. బ్యాంకులో ఎంత దాచుకున్నారో అడగరు. పథకం కిందికి వచ్చే మందు జెనరిక్ అయితే 5 డాలర్లు, బ్రాండు మందు అయితే 7 డాలర్లు కడితే చాలు. నిర్ణీత పరిమితి లోపల ఉన్న సాధారణ పార్ట్ డి ప్లాన్ల నెలవారీ ప్రీమియం కూడా రాష్ట్రమే కడుతుంది. మనవాళ్లలో చాలామంది దీన్ని బీదవాళ్ల పథకం అనుకుని దరఖాస్తే పెట్టరు. ఆ పరిమితులు చూస్తే అది ఎంత పొరపాటో తెలుస్తుంది.

ఇక జరిగింది చెబుతాను. దీపావళి వేడుకలో బీమా ఏజెంట్ల బల్ల ఒకదాని దగ్గర సంచులు, క్యాలెండర్లు ఉచితంగా పంచారు. అమ్మ అక్కడి కాగితం మీద పేరూ ఫోను నంబరూ రాసి వచ్చింది. అడగకుండా పెద్దవాళ్లకు ఫోను చేసి మెడికేర్ ప్లాన్లు అమ్మడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆ కాగితం మీద అమ్మ రాసిన వివరాలే వాళ్లకు అనుమతి అయ్యాయి.

నవంబరులో, ప్లాన్లు మార్చుకునే గడువు (ఏటా అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు) నడుస్తుండగా, మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉన్న సమయంలో ఫోను వచ్చింది. "అమ్మగారూ, బాగున్నారా? భోజనం అయిందా?" అని మొదలుపెట్టాడట. పళ్ల వైద్యం, కళ్లజోడు, నెలకు యాభై డాలర్ల కిరాణా కార్డు అన్నీ ఉచితమన్నాడు. "మీ మందుల కార్డుకు ఏమీ కాదు, అది అలాగే ఉంటుంది" అని కూడా చెప్పాడు. అమ్మ ఎరుపు, తెలుపు, నీలం రంగుల మెడికేర్ కార్డు తీసి పదకొండు అక్షరాల నంబరు చదివింది. అడిగినప్పుడల్లా 'యెస్' అంది. ఆ మాటలన్నీ రికార్డయ్యాయి. సాయంత్రం నాతో "ఎంత మర్యాదగల అబ్బాయో, మన గుంటూరు వైపు వాడే" అని చెప్పింది. నేనూ వివరం అడగలేదు. ఆ తప్పు నాదే.

జనవరి 1 నుంచి ఆమె మెడికేర్ అడ్వాంటేజ్ ప్లానులోకి, అంటే మెడికేర్ బదులు ప్రైవేటు కంపెనీ నడిపే ప్లానులోకి, అందులోనూ తన నెట్‌వర్కులోని డాక్టర్ల దగ్గరికే పంపే హెచ్‌ఎంఓ రకంలోకి మారిపోయింది. అలాంటి ప్లానులో చేరగానే విడిగా ఉన్న పార్ట్ డి ప్లాను దానంతటదే రద్దవుతుంది. మూడో వారంలో మందుల దుకాణానికి వెళితే ఆమె వాడే ఇన్‌హేలరు కొత్త ప్లాను మందుల జాబితాలో లేదన్నారు. పీఏఏడీ కార్డు చూపించాను. ముందు ప్లాను ఒప్పుకుంటేనే ఆ తరువాత రాష్ట్రం వాటా వస్తుందని చెప్పారు. మూడు వందల ఎనభై డాలర్లు అడిగారు. అమ్మ నా చేయి పట్టుకుని "వద్దులే, ఇంకా ఉంది" అంది. ఇంటికి వచ్చి చూస్తే ఇన్‌హేలరు వెనుక చిన్న గడిలో 8 అన్న అంకె కనిపించింది. ఎనిమిది పీల్పులు, అంతే. నాకు చెప్పకుండా పది రోజులుగా రోజుకు ఒక్కసారే పీలుస్తోంది. అదే రాత్రి వెళ్లి డబ్బు కట్టి తెచ్చాను. ఏళ్ల తరబడి ఆమెను చూస్తున్న గుండె డాక్టరు కూడా కొత్త ప్లాను నెట్‌వర్కులో లేరు. ఆ కిరాణా కార్డేమో మేము వెళ్లే ఓక్ ట్రీ రోడ్డు ఇండియన్ దుకాణంలో చెల్లలేదు.

ఆ రోజు నాకు తెలియని సంగతి ఒకటుంది. కొత్త ప్లానులో చేరిన మొదటి 90 రోజుల్లో, అప్పటికే వాడుతున్న మందు జాబితాలో లేకపోతే, ప్లాను ఒకసారి నెల రోజులకు సరిపడా ఇవ్వాలి. దీన్ని ట్రాన్సిషన్ ఫిల్ అంటారు. కౌంటరు దగ్గర ఎవరూ చెప్పలేదు. మీరు ఈ పేరు పెట్టి అడగండి. అలాగే జాబితాలో లేని మందుకు డాక్టరు ద్వారా మినహాయింపు కోరితే, డాక్టరు వివరణ అందాక ప్లాను 72 గంటల్లో, ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ముప్పు ఉంటే 24 గంటల్లో జవాబు చెప్పాలి.

మమ్మల్ని గట్టెక్కించింది షిప్ అనే ప్రభుత్వ మెడికేర్ సలహా కార్యక్రమంలోని సలహాదారు. ప్రతి కౌంటీలోనూ ఉంటారు, డబ్బు తీసుకోరు, ఏ ప్లానూ అమ్మరు. ఆమె రెండు దారులు చూపించారు. అడ్వాంటేజ్ ప్లానులో ఉన్నవాళ్లు జనవరి 1 నుంచి మార్చి 31 లోపు ఒకసారి ప్రభుత్వమే నేరుగా నడిపే పాత మెడికేర్‌కు తిరిగి వచ్చి పార్ట్ డి తీసుకోవచ్చు. పీఏఏడీలాంటి రాష్ట్ర పథకంలో ఉన్నవాళ్లకు ఆ గడువుతో పని లేకుండా ఏడాదికి ఒకసారి మార్చుకునే హక్కు కూడా ఉంది. మేము మొదటి దారి వాడుకున్నాం, రెండోది అవసరానికి అట్టిపెట్టుకున్నాం. ఫిబ్రవరి 1 నుంచి ఆమె పాత ప్లాను తిరిగి వచ్చింది. 1-800-మెడికేర్ నంబరుకు ఫోను చేసి ఏజెంటు మీద ఫిర్యాదు కూడా ఇచ్చాం. ఇంగ్లీషు రాకపోయినా వెనుకాడకండి, అనువాదకుణ్ణి ఉచితంగా కలుపుతారు.

ఇంకో మాట. న్యూజెర్సీ బయట కొన్న మందులకు పీఏఏడీ పనిచేయదు. పెద్దవాళ్లు వేరే రాష్ట్రంలో ఉన్న కూతురింటికో కొడుకింటికో వెళ్లేముందు మందులు ఇక్కడే నింపించి పంపండి. దరఖాస్తు పూర్తి చేసిపెడతామని డబ్బు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి, దరఖాస్తు ఉచితం.

ఈ రాత్రి అమ్మకో నాన్నకో ఫోను చేసి, ఈమధ్య కొత్త బీమా కార్డు ఏదైనా టపాలో వచ్చిందా అని అడగండి. మా ఇంట్లో ఆ కవరు డిసెంబరులోనే వచ్చి, దేవుడి గూట్లో పంచాంగం కింద భద్రంగా ఉంది.