ఏడాదిన్నరగా తొడిగి చూసిన ఐదు చొక్కాలు

బీరువాలో పదకొండు ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలున్నా, ఒక సాయంత్రపు విందుకు కోటు కింద వేసుకోవడానికి వాటిలో ఒక్కటీ పనికిరాదన్న సంగతి నాకు బయల్దేరడానికి అరగంట ముందు తెలిసింది. రంగులు బాగానే ఉన్నాయి. కానీ ఒకదాని కాలరు నీరసంగా కోటు అంచుల కిందికి జారిపోతోంది, మరొకదాని బట్ట దుప్పటిలా మందంగా ఉంది, ఇంకొకటి టక్ చేసుకుంటే నడుము చుట్టూ గాలి నిండిన సంచిలా ఉబ్బుతోంది. ఇన్నేళ్లుగా నేను రంగు చూసి కొన్నానే తప్ప కాలరు, నేత, కుట్టు చూసి కొనలేదు. ఆ తర్వాత ఒక్కో నేతలో, ఒక్కో రకం కాలరుతో ఐదు చొక్కాలు ఎంచి కొని, ఏడాదిన్నరగా మార్చి మార్చి తొడుగుతున్నాను. ఈ సమీక్ష వాటి గురించే. తయారీదారుల పేర్లు కావాలనే రాయలేదు. ఒకే చోట కొన్న రెండింటిలో ఒకటి చాలా మంచిది, ఒకటి అన్నిటికన్నా చెడ్డది అయినప్పుడు పేరు చెప్పి ప్రయోజనం లేదు.

మొదటిది తెల్ల పాప్లిన్. పడుగు (నిలువు పోగు), పేక (అడ్డ పోగు) ఒకదాని మీదుగా ఒకటి చొప్పున సాగే సాదా నేత కాబట్టి బట్ట నునుపుగా, పలచగా, దాదాపు కాగితంలా ఉంటుంది. ఇంటర్వ్యూ, ముఖ్యమైన సమావేశం, కోటూ టైతో హాజరు కావలసిన సాయంత్రం, ఈ మూడింటికీ దీన్ని మించింది లేదని ఏడాదిన్నర తర్వాత కూడా అంటాను. దీని లేబులు మీద వంద నంబరు, రెండు పోగులు పేనిన నూలు అని ఉంది. ఈ నంబరు చూసి చాలామంది మోసపోతారు, నేనూ పోయినవాణ్నే. ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తాయో ఆ లెక్కే నంబరు. అంటే నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, బట్ట మెత్తబడుతుంది, అంతే తప్ప మన్నిక పెరగదు. 140 దాటిన చొక్కా ఒకటి స్నేహితుడి దగ్గర చూశాను, చేతికి పట్టులా తగిలింది కానీ కుర్చీలో పది నిమిషాలు కూర్చుని లేచేసరికి వీపంతా నలిగిపోయింది. రోజూ వేసుకునేదానికి 80 నుంచి 120 లోపు చాలు.

పాప్లిన్‌తో ఒక చిక్కుంది. బట్ట పలచన కాబట్టి లోపలి బనియను కనిపిస్తుంది, అందులోనూ తెల్ల బనియను అయితే భుజం పట్టీల దగ్గర దాని అంచు గీత గీసినట్టు తేలుతుంది. ఒంటి రంగుకు దగ్గరగా ఉన్నదో, లేత బూడిద రంగుదో వేసుకుంటే ఆ గీత మాయమవుతుంది. తెలుపు కింద తెలుపే దాగుతుందని అనుకుంటాం గానీ జరిగేది సరిగ్గా దానికి విరుద్ధం. అద్దం ముందు రెండూ వేసుకుని చూస్తే గాని నాకు నమ్మకం కుదరలేదు.

ఈ చొక్కా కాలరు మరీ ఇరుకూ కాదు, మరీ విప్పారిందీ కాదు, నడిమి రకం. కాలరు మొనలు కోటు అంచుల కింద దాగాలి. కోటు వేసుకున్నాక మొనలు బయటికి పొడుచుకొస్తుంటే అది ఆ కోటుకు తగిన కాలరు కాదు. మొనల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే టై ముడి కాస్త లావుగా ఉండాలి, తక్కువగా ఉంటే ఒక్క చుట్టు సన్నముడి సరిపోతుంది. ముఖం కోలగా ఉన్నవారికి విప్పారిన కాలరు, గుండ్రంగా ఉన్నవారికి మొనలు కిందికి చూసే కాలరు నప్పుతాయని చెప్పే సూత్రం చాలావరకు నిజమే గానీ, మెడ పొడవును బట్టి కాలరు ఎత్తు చూసుకోవడం అంతకన్నా ముఖ్యం. కాలరు కింద మొనల్లో దూర్చే ప్లాస్టిక్ పుల్లలను ఉతికేముందూ ఇస్త్రీకి ముందూ తీసేయాలి. ఒకసారి మరిచిపోయి ఇస్త్రీ చేశాను, పుల్ల ఆకారం కాలరు మీద అచ్చు పడి మూడు ఉతుకుల దాకా పోలేదు. బొత్తాలు ముత్యపు చిప్పవి. చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగులుతాయి, ప్లాస్టిక్‌వి తగలవు.

రెండోది లేత నీలం ఆక్స్‌ఫర్డ్. నా దృష్టిలో ఐదింటిలోకీ ఇదే ఉత్తమం. పోగులను జతగా కలిపి బుట్ట అల్లినట్టు నేసే నేత ఇది. రంగు పోగుల్లోకి తెల్ల పోగులు కలవడం వల్ల దూరం నుంచి ఒకే రంగులా, చేతిలోకి తీసుకుని చూస్తే సన్నటి చుక్కల్లా కనిపిస్తుంది. కాలరు మొనలకు చిన్న బొత్తాలుంటాయి. ఇంగ్లండులో గుర్రాల మీద పోలో ఆడేవారు పరుగులో కాలరు ముఖానికి కొట్టుకోకుండా మొనలకు బొత్తాలు పెట్టుకోవడం చూసి, అమెరికా దుస్తుల సంస్థ బ్రూక్స్ బ్రదర్స్‌కు చెందిన జాన్ బ్రూక్స్ 1896 ప్రాంతంలో ఆ కాలరును అమ్మకపు చొక్కాల్లోకి తెచ్చాడంటారు. పుట్టుక ఆటస్థలంలో కాబట్టే దీనికి నేటికీ కాస్త తీరికతనం అంటిపెట్టుకుని ఉంది. ఆఫీసుకు టై లేకుండా, పైన ముతక నేత కోటుతో, లేదా స్వెట్టరు కింద ఇది ఎంతో బాగుంటుంది. మెరిసే నల్ల సూటు కింద, సాయంత్రపు లాంఛనమైన విందులో మాత్రం తప్పుచోట నిలబడినట్టు ఉంటుంది.

ఈ కాలరును ఇస్త్రీ పెట్టెతో నొక్కి బల్లపరుపు చేయకూడదు. మెడ దగ్గర నుంచి బొత్తాం దాకా వచ్చే ఆ చిన్న వంపే దీని అందం. మొదట్లో బట్ట కాస్త గరుకుగా ఉండింది, ఇరవై ఉతుకులు అయ్యాక మెత్తబడి ఒంటికి ఒదిగిపోయింది. చేతులు మడుచుకోవడానికి కూడా ఐదింటిలో ఇదే నయం, మడత జారదు. పాప్లిన్ చేతులు మడిస్తే పావుగంటకోసారి సర్దుకోవాలి.

మూడోది సన్న చారల ట్విల్, నా ఫిర్యాదంతా దీని మీదే. ట్విల్ నేతలో ఏటవాలు గీతలు ఉంటాయి, బట్ట జారుతున్నట్టు ఒంటి మీద పడుతుంది, పాప్లిన్ కన్నా తక్కువ నలుగుతుంది, తెలుపులో కూడా బనియను అంతగా కనిపించనివ్వదు. బట్ట వరకు నాకు ఏ పేచీ లేదు. పేచీ కాలరుతో. పదో ఉతుకు అయ్యేసరికి కాలరు మీద చిన్న చిన్న బుడగలు లేచాయి. కాలరు గట్టిగా నిలబడడానికి లోపల వేసే బక్రాన్ని కొందరు కుట్టి పెడతారు, చాలామంది వేడితో కరిగే జిగురు పట్టించి అతికిస్తారు. అతికించడం తప్పేమీ కాదు, చక్కగా అతికిస్తే కాలరు నునుపుగా ఏళ్ల తరబడి ఉంటుంది. కానీ జిగురు సరిగా పట్టకపోయినా, పై బట్ట కుదించుకున్నంత బక్రం కుదించుకోకపోయినా, రెండూ విడివడి ఇలా ఉబ్బుతాయి. కొన్నచోటికి తీసుకువెళ్తే ఇస్త్రీ వేడి ఎక్కువైందని నా మీదే నెట్టారు. అదే పెట్టెతో, అదే వేడితో ఇస్త్రీ చేసిన పాప్లిన్ కాలరు పక్కనే చదునుగా ఉందని చూపించినా ఫలితం లేకపోయింది. ఆ పాప్లిన్ కూడా వాళ్లు అమ్మిందే.

చారల విషయంలో తప్పు నాది. ఈ చొక్కాతో వీడియో కాల్‌లో ఒక ఇంటర్వ్యూకు కూర్చున్నాను. తెర మీద నా ఛాతీ మీది చారలు నీళ్లలా కదులుతూ, ఇంద్రధనుస్సు రంగులు చిమ్ముతూ కనిపించాయి. చాలా దగ్గర దగ్గరగా ఉన్న సన్న గీతలు కెమెరా సెన్సరులోని గళ్లతో పొసగక ఏర్పడే భ్రమ అది. కెమెరా ముందు కూర్చోవలసిన రోజున చారలైనా గళ్లైనా సన్నవి వద్దు, ఏ రంగైనా సాదా బట్టే మేలు. ఎదురెదురుగా కలిసే సమావేశానికి మాత్రం ఈ చారలే ముచ్చటగా ఉంటాయి. సన్న చారల చొక్కా మీదకు టై వేసుకోదలచినవారు టై మీది గీతలు వెడల్పుగా ఉండేలా చూసుకోవాలి. రెండూ ఒకే వెడల్పుతో ఉంటే ఎదుటివారి కళ్లు తిరుగుతాయి.

నాలుగోది ఇస్త్రీ అక్కర్లేదని చెప్పి అమ్మిన తెల్ల చొక్కా. నూలు బట్ట ఎందుకు నలుగుతుందో తెలిస్తే దీని మంచీ చెడూ రెండూ అర్థమవుతాయి. పత్తి పీచు సెల్యులోజ్ అనే పదార్థంతో తయారైంది, దాని పొడవాటి అణువుల గొలుసులను పట్టి ఉంచే బలహీనమైన బంధాలు తడికి తెగి, ఆరేటప్పుడు బట్ట ఏ మడతలో ఉంటే ఆ మడతలోనే మళ్లీ కలుస్తాయి. ఆ గొలుసుల మధ్య గట్టి రసాయనిక వంతెనలు కడితే మడత నిలవదు. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనాలయంలో పనిచేసిన రూత్ బెనెరిటో 1950ల నుంచి చేసిన కృషి ఈ పద్ధతి ఇంటింటికీ చేరడానికి బాట వేసింది. ఆ వంతెనలే పోగులను పెళుసుగా కూడా చేస్తాయి. అందుకే నా చొక్కా ఒళ్లంతా కొత్తదానిలా ఉండగానే కఫ్ అంచులు మాత్రం ఏడాది తిరక్కుండా చిట్లి పీచులేచాయి. బట్ట చెమటను కూడా మిగతావాటంత చురుగ్గా పీల్చదు, ఎండలో నడిస్తే ఒంటికి అంటుకుంటుంది. కుట్లు విప్పి సరిచేయిద్దామంటే పాత కుట్టు గీత శాశ్వతంగా ఉండిపోతుంది కాబట్టి కొనేటప్పుడే కొలత సరిగ్గా ఉండాలి. ఇన్ని చెప్పినా, ప్రయాణంలో పెట్టెలోంచి తీసి నేరుగా సమావేశానికి తొడుక్కుని వెళ్లగలిగింది ఇదొక్కటే. పూర్తిగా కాదు, కాలరునూ ముందు పట్టీనీ ఒకసారి ఇస్త్రీ పెట్టెతో తాకించక తప్పదు.

ఐదోది బ్యాండ్ కాలరు, అంటే మొనలు లేకుండా మెడ చుట్టూ పట్టీ మాత్రమే ఉండే కాలరు, ఉన్న లినెన్ (అవిసె నార బట్ట). తీరిక వేళలకు, వేడి రోజులకు. నలుగుతుంది, నలగడమే దాని తీరు, దాన్ని గంజి పెట్టి నిలబెట్టే ప్రయత్నం వృథా. కింది అంచు తిన్నగా కత్తిరించి ఉండడం చూసి టక్ చేయకుండా వేసుకుంటున్నాను. అంచు ముందూ వెనకా నాలుకల్లా వేలాడే చొక్కాలను బయటికి వదిలేస్తే లోదుస్తులతో బయటికొచ్చినట్టుంటుంది.

నల్ల బో-టై అడిగే విందు కోసం ముందు భాగంలో కుచ్చిళ్లు, చేతులకు కఫ్ లింకులు (బొత్తాలకు బదులు గుచ్చే విడి గుండీలు) పెట్టే కఫ్‌లు ఉన్న చొక్కాను ఒకసారి అద్దెకు తెచ్చుకున్నాను. ఏడాదికి ఒకసారి కూడా పడని అవసరానికి కొనడం దండగ. మడిచి కఫ్ లింకులు పెట్టుకునే కఫ్ మాత్రం మామూలు తెల్ల చొక్కాలో కూడా ఒకటి ఉండవచ్చు, అయితే దాన్ని కోటు లేకుండా వేసుకోకండి.

కొలతల సంగతికి వస్తే, దర్జీ ఏది సరిచేయగలడో ఏది సరిచేయలేడో తెలిసి కొనాలి. నడుము దగ్గర వదులును బిగించడం, చేతుల పొడవు తగ్గించడం సులువు. భుజాలు, మెడ సరిచేయడం దాదాపు కొత్త చొక్కా కుట్టడమే. కాబట్టి భుజం కుట్టు భుజపు ఎముక చివర దగ్గర ఉందా, మెడ బొత్తాం పెట్టాక కాలరులో రెండు వేళ్లు పడుతున్నాయా అన్న రెండూ చూసి, అవి కుదిరితేనే మిగతావి ఆలోచించాలి. ఛాతీ మీద బొత్తాం చుట్టూ గుణకారపు గుర్తులా ముడతలు పడితే బిగుతు. చేతులు పైకెత్తినప్పుడు టక్ చేసిన చొక్కా పూర్తిగా బయటికి వస్తే పొడవు చాలదు, లేదా చంక మరీ కిందికి కోశారు. కోటు వేసుకున్నాక చొక్కా కఫ్ అర అంగుళం దాకా కనిపించాలి. నూలు బట్ట మొదటి ఉతుకుల్లో కొంచెం కుదించుకుంటుంది, అందుకని రెండుసార్లు ఉతికాకే దర్జీ దగ్గరికి తీసుకెళ్లాలి. నా ఆక్స్‌ఫర్డ్ చేతులను కొన్న రోజే తగ్గించి, ఇప్పుడు కోటు వేసుకున్నప్పుడల్లా కఫ్ లోపలికి పోయి దాక్కుంటోంది.

తెల్ల చొక్కాల చంకల్లో పసుపు మరకలకు కారణం చెమట ఒక్కటే కాదు, చెమట ఆపే పూతల్లోని అల్యూమినియం లవణాలు దానికి తోడవుతాయి. పూత ఆరాక చొక్కా తొడుక్కోవడం, విప్పిన వెంటనే ఆ చోట చల్లటి నీళ్లతో జాడించడం నాకు పనికొచ్చాయి. క్లోరిన్ బ్లీచు జోలికి పోవద్దు. ముఖ్యంగా ఇస్త్రీ అక్కర్లేని నాలుగో రకం చొక్కా దానితో మరింత పసుపెక్కవచ్చు.

పాప్లిన్, ఆక్స్‌ఫర్డ్ రెండింటినీ మళ్లీ కొంటాను, ఆక్స్‌ఫర్డ్‌ను ఈసారి తెలుపులో. ట్విల్‌ను మళ్లీ తీసుకుంటాను గానీ కుట్టిన బక్రం ఉందని అడిగి తెలుసుకున్నాకే, చారలు లేకుండా. లినెన్ ఒకటి చాలు. ఇస్త్రీ అక్కర్లేని చొక్కా కఫ్‌లు చిట్లినా ప్రయాణపు పెట్టెలోనే ఉంది. రైలు దిగి నేరుగా సమావేశానికి వెళ్లవలసిన రోజున దాని మీద కోటు వేసుకుని, చేతులు కాస్త వెనక్కి లాక్కుని కూర్చుంటున్నాను.