నేనే విప్పి కట్టిన గేర్‌బాక్స్: రెండు వేట సీజన్ల తర్వాత

మా ఫైబర్ బోటుకి ఉన్నది 15 హార్స్‌పవర్ టూస్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు, అంటే బోటు వెనక బయటికి తగిలించేది. రెండేళ్ల కిందట దాని గేర్‌బాక్స్ పోయింది. చూసిన మెకానిక్ గేర్‌బాక్స్ ఉండే మోటారు కింది భాగం మొత్తం కొత్తది వెయ్యమన్నాడు. అంత డబ్బు ఒక్కసారిగా పెట్టలేక నేనే విప్పాను. అప్పట్నుంచి రెండు సీజన్లుగా అదే గేర్‌బాక్స్‌తో వేటకి వెళ్తున్నాం. ఏది నిలబడింది, ఏది మళ్లీ చెయ్యాల్సొచ్చింది అనేది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

మాది కోరంగి దగ్గర. మడ అడవి కాలవల్లోంచి సముద్రంలోకి వెళ్తాం. దారి పొడుగునా ఇసుక మేటలు, మడ వేళ్లు, తెగి కొట్టుకొచ్చిన వల ముక్కలు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవడానికి పది రోజుల ముందు నుంచి మోటారు తేడా చేసింది. గేరు వేసి స్పీడు పెంచితే టక్, టక్ మని కొట్టుకుంటూ బోటు కుదుపుతో ముందుకి దూకేది. న్యూట్రల్‌లో మాత్రం ఏ చప్పుడూ లేదు.

"ప్రొపెల్లర్ బుష్ జారుతోందిరా, అది మార్చు చాలు" అన్నాడు బాబాయి. ఆ అనుమానం తీర్చుకోవడం తేలిక. ప్రొపెల్లర్ మధ్యలో ఉండే లోపలి గొట్టం మీంచి, దాని చుట్టూ ఉండే రబ్బరు బుష్ మీదుగా, బయటి అంచు దాకా పెయింటుతో ఒక గీత గీసి ఒక రౌండు నడిపాను. బుష్ జారితే గీత రెండు ముక్కలై పక్కకి తప్పుకుంటుంది. మా గీత తిన్నగానే ఉంది. పైగా బుష్ జారినప్పుడు ఇంజను ఊరికే గోల పెడుతుంది, బోటు కదలదు, అంతే. ఇలా కొట్టుకోదు. "బాబాయ్, రోగం లోపలే ఉంది" అన్నాను.

ఆ రాత్రి మోటారుని నిలువుగా కదలకుండా ఉంచి, తెల్లారి కింది ఆయిల్ స్క్రూ నెమ్మదిగా వదులు చేశాను. నూనె కంటే నీళ్లు బరువు కాబట్టి, లోపల నీళ్లుంటే ముందు అవే వస్తాయి. మొదట ఉప్పునీళ్లు, వెనకాలే పాలు కలిపిన టీ రంగులో ఆయిల్ వచ్చాయి. తెల్లటి పళ్లెంలో పోసి అయస్కాంతం తిప్పాను. మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుంటే కంగారు అక్కర్లేదు, అది మామూలు అరుగుదలే. నాకు గోరుకి గుచ్చుకునే రేకులు దొరికాయి. ఒకటి బియ్యపు నూకంత ఉంది, దానికొక పక్క నున్నగా మెరుస్తోంది. పంటి ముక్క అని అర్థమైంది.

నీళ్లు ఎలా వచ్చాయన్నది అసలు ప్రశ్న. ప్రొపెల్లర్ తీసి, వెనకాల ఉండే ఇత్తడి వాషరు లాగాను. షాఫ్టు చుట్టూ ఆకుపచ్చ తంగూసు గట్టిగా చుట్టుకుపోయి ఉంది. వేడికి కరిగి, పొర మీద పొర అతుక్కుని ఉంగరంలా తయారైంది. బ్లేడుతో కోసి తీస్తే కింద ఆయిల్ సీలు, అంటే ఆయిల్ బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రబ్బరు రింగు, దాని పెదవి ఒక పక్క పూర్తిగా తెగిపోయి ఉంది. గేరు విరగడానికి కారణం అదే. తంగూసు సీలుని కోసింది, సీలు నీళ్లని రానిచ్చింది, నీళ్లు బేరింగుని తుప్పు పట్టించాయి, బేరింగు అరిగి గేరు పళ్లు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవడం మానేశాయి. చేతి పిడికెడు లేని దారం ఎంత పని చేసిందో చూసి ఆ రోజు అన్నం సహించలేదు.

విప్పడంలో అన్నిటికంటే కష్టం ప్రొపెల్లర్ షాఫ్టుని పట్టుకుని ఉండే హౌసింగ్. గేరు మార్చే కడ్డీని, అంటే షిఫ్ట్ రాడ్‌ని, కలిపే చోట విడదీసి, నాలుగు బోల్టులు తీస్తే కింది భాగం చేతిలోకి వస్తుంది. హౌసింగ్‌కి బోల్టులు రెండే. కానీ ఉప్పుకి అల్యూమినియం మీద తెల్లటి సుద్దలాంటిది పట్టి, రెండు ముక్కలూ ఒకటైపోతాయి. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొడితే అంచు విరుగుతుంది, ఆ పని మాత్రం ఎవరూ చెయ్యొద్దు. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేశాను. మర్నాడు బయటి భాగాన్ని గ్యాస్ మంటతో చుట్టూ సమానంగా వేడి చేసి, హౌసింగ్ చెవుల మీద చెక్క పెట్టి, అటోసారి ఇటోసారి తట్టాను. మూడో రోజు మధ్యాహ్నానికి అది వెంట్రుకవాసి తిరిగింది. తిరిగాక లేత్ వర్క్‌షాపులో చేయించిన పుల్లర్‌తో లాగితే వచ్చేసింది.

లోపల చూస్తే పినియన్‌కి, అంటే ఇంజను నుంచి కిందికి దిగే డ్రైవ్ షాఫ్టు చివర ఉండే చిన్న గేరుకి, రెండు పళ్లు చివర్లు ఎగిరిపోయాయి. ముందుకి నడిపే గేరుకి గుంటలు పడ్డాయి. డాగ్ క్లచ్, అంటే గేరు వేసినప్పుడు జరిగి గేరు చెవుల్లో కూర్చునే ముక్క, దాని మూలలు గుండ్రంగా అరిగిపోయాయి. ఆ కొట్టుకోవడం దీనివల్లే. రివర్స్ గేరు మాత్రం కొత్తదానిలా ఉంది, మేం వాడేదే తక్కువ.

పినియన్, ముందు గేరు ఎప్పుడూ జతగానే మార్చాలి. పాత పంటితో కొత్త పన్ను కలవదు. నేను ఆ రెండూ, డాగ్ క్లచ్, బేరింగులు, సీళ్లు అన్నీ మార్చాను. మొత్తం ఖర్చు మెకానిక్ చెప్పినదాంట్లో సగం కూడా కాలేదు. తీసేటప్పుడు ప్రతి ముక్కా ఎటు తిరిగి ఉందో ఫొటో తీసుకోండి. ముఖ్యంగా షిమ్‌లు, ఆ పల్చటి రింగులు. ఏ బేరింగు దగ్గరివి ఆ కవర్లో వేసి పేరు రాయండి. గేరు పళ్లు ఎంత లోతుగా కలవాలో నిర్ణయించేది అవే. నేను పాత షిమ్‌లే వేసి, పళ్లకి నీలం రంగు పూసి తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడుతోందో లేదో చూశాను. కొద్దిగా లోపలి అంచుకి పడింది. ఒక పల్చటి షిమ్ మారిస్తే సరిపోయేది, కానీ అది దొరకలేదు. అలాగే బిగించాను.

సీళ్ల దగ్గర ఒక మాట. షాఫ్టు మీద పాత సీలు రాసుకుని గాడి పడి ఉంటే, కొత్త సీలు అదే చోట కూర్చుంటే కారుతుంది. ఒక్క మిల్లీమీటరు జరిపి దించితే పెదవి నున్నటి చోట పడుతుంది. బిగించాక ఆయిల్ పొయ్యకముందే, పై స్క్రూ బొక్కకి గేజీ ఉన్న సైకిల్ పంపు తగిలించి గాలి ఒత్తిడి 10 పీఎస్ఐ దాకా కొట్టి, నీళ్ల డ్రమ్ములో ముంచాను. ఒక్క బుడగ రాకూడదు. అంతకంటే చాలా ఎక్కువ కొడితే మంచి సీళ్లే బయటికి తన్నుకొస్తాయి. ఆయిల్ ఎస్ఏఈ 90 గేర్ ఆయిల్. కింది రంధ్రం నుంచి నింపుతూ, పై రంధ్రంలోంచి బుడగల్లేకుండా వచ్చేదాకా పొయ్యాలి. పైనుంచి పోస్తే గాలి లోపలే ఉండిపోతుంది.

విప్పాం కాబట్టి ఇంజనుని చల్లబరిచే నీళ్ల పంపు ఇంపెల్లర్, అంటే నీళ్లు తోసే రబ్బరు చక్రం, కూడా మార్చేశాను. మళ్లీ ఎక్కించేటప్పుడు డ్రైవ్ షాఫ్టు పై చివర ఉండే గాడుల పక్కలకి గ్రీజు రాయండి, నెత్తి మీద రాయొద్దు. అక్కడ గ్రీజు ముద్ద ఉంటే షాఫ్టు పూర్తిగా లోపలికి కూర్చోదు.

ఇక వాడకం. పది గంటలు నడిపి ఆయిల్ మారిస్తే మళ్లీ లేత పాల రంగు. గుండె జారిపోయింది. రెండు రోజులు టెన్షన్ పడి అన్నీ వెతికితే దొరికింది ఆయిల్ స్క్రూ కింది చిన్న గాస్కెట్. పాతదే మళ్లీ వాడాను. అది నలిగిపోయి ఉంది. కొత్తవి వేశాక మళ్లీ నీళ్లు రాలేదు. ఇప్పుడు ఆయిల్ మార్చిన ప్రతిసారీ రెండు గాస్కెట్లూ మారుస్తాను. వంద గంటలకోసారి మార్చమంటారు గానీ, మా నీళ్లకి నేను నెలకోసారి కింది స్క్రూ వదులు చేసి నాలుగు చుక్కలు చూస్తాను. వారానికోసారి ప్రొపెల్లర్ తీసి తంగూసు ఉందేమో వెతుకుతాను. ఈ రెండేళ్లలో అయిదుసార్లు దొరికింది.

గేరు వేసే పద్ధతి కూడా మార్చుకున్నాం. మెల్లగా, జాగ్రత్తగా వెయ్యాలనుకునేవాళ్లం. అలా వేస్తే డాగ్ మూలలు గేరు చెవులకి తగిలి గీసుకుంటాయి. ఇంజను స్పీడు పూర్తిగా తగ్గించి ఒక్క దెబ్బలో వెయ్యాలి. బాబాయికి ఇది అలవాటవడానికి ఒక సీజన్ పట్టింది.

గేర్‌బాక్స్ బయటి కేసు పగిలినా, బేరింగు కూర్చునే చోటు లూజైనా ఇంట్లో చెయ్యకండి, కింది భాగం మార్చడమే దారి. నాది అంతదాకా పోలేదు. ఈ ఏప్రిల్‌లో నిషేధం మొదలయ్యాక తీసిన ఆయిల్ నల్లగా ఉంది కానీ తేటగా ఉంది, అయస్కాంతానికి మెత్తటి ముద్ద మాత్రమే అంటింది. సగం స్పీడులో సన్నటి ఈల లాంటి మోత ఇంకా వినిపిస్తుంది. అది ఆ షిమ్ తేడాయే. ఆ షిమ్ ఈమధ్యే దొరికింది. నిషేధం ముగిసే జూన్ 14 లోపు మళ్లీ విప్పుతాను.