కుర్ర స్టార్‌ని అమ్మాలా, అట్టిపెట్టుకోవాలా?

2022లో బేస్‌బాల్ జట్టు వాషింగ్టన్ నేషనల్స్‌కి వచ్చిన చిక్కు ఇది. 23 ఏళ్ల హువాన్ సోటో, 15 ఏళ్లకు 44 కోట్ల డాలర్లు ఇస్తామన్నా ఒప్పుకోలేదు.

ఖర్చు: ఉంచుకుంటే జీతం ఏటా పెరుగుతుంది. అమ్మితే (అంటే వేరే జట్టుకిచ్చి, బదులుగా వాళ్ల కుర్రాళ్లను తీసుకుంటే) వచ్చేవాళ్లు కొన్నేళ్లు చవక.

రిస్క్: ఉంచుకుంటే 2024 సీజన్ అయ్యాక ఫ్రీ ఏజెంట్‌గా, అంటే నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకునే స్వేచ్ఛతో, వెళ్లిపోవచ్చు (అప్పుడు న్యూయార్క్ మెట్స్ జట్టు అతనికి 76.5 కోట్ల డాలర్లు ఇచ్చింది మరి!). అమ్మితే, వచ్చినవాళ్లలో ఎవరు నిలబడతారో దేవుడికెరుక. చివరికి నేషనల్స్ సోటోని శాన్ డియాగో పాడ్రెస్ జట్టుకి అమ్మేసింది. బదులుగా పాడ్రెస్ ఇచ్చినవాళ్లలో అబ్రమ్స్, గోర్, వుడ్ ఆల్‌స్టార్‌లయ్యారు (మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపికయ్యారు). అయినా 2025లో నేషనల్స్ 96 మ్యాచ్‌లు ఓడింది.

శ్రమ: అమ్మకం ఒక్కరోజు పని, తీర్చిదిద్దడం ఏళ్ల చాకిరీ.

కాంట్రాక్టు ముగిసేలోగా గెలిచే జట్టు తయారవుతుందంటే ఉంచుకోవాలి. జట్టు అట్టడుగున ఉండి, ఆటగాడు ససేమిరా అంటే, ధర పలికేటప్పుడే అమ్మేయాలి. నేషనల్స్‌ది రెండో పరిస్థితే.