కింద నల్లమచ్చ వస్తే చూస్తూ ఉండాలా, ముక్క తీయించాలా? ఏది మేలు?

కర్నూలులో గైనిక్ ఓపీలో నర్సుగా పనిచేస్తున్నాను. మర్మాంగం చర్మం మీద నల్లమచ్చ వచ్చిందని పాతికేళ్ల అమ్మాయి నోరు విప్పి చెప్పేసరికి మెడికల్ షాపు ఆయింట్‌మెంట్లు రెండు మూడు అయిపోయి ఉంటాయి. ఆ వయసులో అక్కడ వచ్చే మచ్చల్లో ఎక్కువ భాగం హాని లేనివే. కానీ మెలనోమా అనే చర్మ కేన్సర్ అక్కడ కూడా వస్తుంది. బయటి జననాంగంలో వచ్చే కేన్సర్లలో దాని వాటా 5 నుంచి 10 శాతం. ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్లకే వస్తుంది. చిన్న వయసులో చాలా అరుదు కాబట్టి ఇంట్లోవాళ్లకే కాదు, ఒక్కోసారి డాక్టర్లకూ అనుమానం రాదు.

‘చూద్దాంలే’ అనడం అన్నిసార్లూ తప్పు కాదు. డాక్టర్ డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే లైటున్న భూతద్దం) పెట్టి చూసి, కొలత రాసి, ఫొటో తీసి, మళ్లీ ఫలానా నెలలో రమ్మంటే ఆ మాట వినొచ్చు. ఒకే రంగులో, చదునుగా, అంచులు సమంగా ఉన్న మచ్చకు అది చాలు. పెరుగుతున్నా, రెండు మూడు రంగులు కలిసినా, గడ్డ కట్టినా, రక్తం కారినా, మానని పుండు పడినా ఇక ఆగకూడదు. కొన్ని మెలనోమాలు నల్లగా ఉండవు, గులాబీ రంగు కండలా ఉంటాయి. వాటికే ఎక్కువ ఆలస్యం జరుగుతుంది.

“సిస్టర్, పిల్లకింకా పెండ్లి కాలేదు, అక్కడ ఎట్లా చూపించేది?” అని తల్లులు నన్ను పక్కకు పిలిచి అడుగుతారు. అమ్మా, చూసేది బయటి చర్మమే. లోపలి పరీక్ష అక్కర్లేదు. లేడీ డాక్టర్ కావాలని అడగండి, మీరు పక్కనే నిలబడండి.

సున్నం, సోడా పెట్టి కాల్చడం, లేజర్‌తో మాడ్చేయించడం మాత్రం వద్దే వద్దు. పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు.

ముక్క పరీక్షలో (బయాప్సీలో) మూడు పద్ధతులున్నాయి. పైపైన గీకి తీసే షేవ్ ఈ అనుమానానికి పనికిరాదు. మెలనోమా ఎంత ముదిరిందో చెప్పేది లోతే. 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండి పుండు లేకపోతే బాగా తొలిదశ అంటారు. అది దాటితే గజ్జల్లోని గ్రంథిని కూడా పరీక్షించాలా అని ఆలోచిస్తారు. పై పొరే తీస్తే ఆ లోతు ఎప్పటికీ తెలియదు. మచ్చ చిన్నదైతే చుట్టూ 1 నుంచి 3 మిల్లీమీటర్ల చర్మంతో సహా మొత్తం తీయించడమే నా దృష్టిలో అన్నిటికన్నా మేలు. పెద్దదైనా, మూత్రద్వారానికి దగ్గరగా ఉన్నా గుండ్రటి చిన్న బ్లేడుతో లోతుగా ఒక ముక్క తీసే పంచ్ బయాప్సీయే దారి. బాగా మందంగా, ముదురుగా ఉన్న చోటు నుంచి తీయాలి. ఆ ముక్క హాని లేనిదని రిపోర్ట్ వచ్చి, మచ్చ మాత్రం అనుమానంగానే ఉంటే మళ్లీ తీయించాలి. కత్తి తగిలితే కేన్సర్ పాకుతుందనే భయం మా జిల్లాలో ఇంకా పోలేదు. బయాప్సీ వల్ల మెలనోమా పాకదు.

తీసిన ముక్క సెలైన్‌లో వేస్తే పాడవుతుంది, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలోనే వేయాలి. ఫారం మీద ‘చర్మం ముక్క’ అని రాసి వదిలేస్తే చాలదు. వయసు, తీసిన చోటు తప్పకుండా ఉండాలి. ఎందుకంటే చిన్న వయసు అమ్మాయిలకు అక్కడ వచ్చే ఒక రకం పుట్టుమచ్చ మైక్రోస్కోప్ కింద మెలనోమాలాగే కనబడుతుంది. లైకెన్ స్క్లెరోసస్ అనే, చర్మం తెల్లబారి దురద పెట్టే జబ్బు (బొల్లి కాదు) ఉన్నచోట తికమక ఇంకా ఎక్కువ. పుట్టుమచ్చను మెలనోమా అంటే పాపం ఆ పిల్లకు అక్కర్లేని పెద్ద ఆపరేషన్. చిన్నపిల్లకు కేన్సర్ ఏమిటని మెలనోమాను పుట్టుమచ్చ అంటే ప్రాణానికే ముప్పు.

అందుకే రిపోర్ట్‌లో మెలనోమా అనో, తేల్చి చెప్పలేమనో వస్తే, ఆపరేషన్‌కు ముందు చర్మం ముక్కలు చదవడంలో అనుభవమున్న ఇంకో పాథాలజిస్ట్‌కు చూపించండి. వారం పది రోజులు పట్టినా పర్వాలేదు. కర్నూలు వాళ్లు హైదరాబాద్, అనంతపురం వాళ్లు బెంగళూరు, కడప వాళ్లు తిరుపతి పోవడం మామూలే. ఈ పనికి పేషెంట్ వెళ్లనక్కర్లేదు. అన్నో నాన్నో స్లైడ్లు, పారఫిన్ బ్లాక్ (తీసిన ముక్కను మైనంలో పొదిగిన దిమ్మ) తీసుకెళితే చాలు. ల్యాబ్‌లో అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. మెలనోమాయే అని తేలితే ఏ మందు పనికొస్తుందో చూసే కిట్ (KIT), బ్రాఫ్ (BRAF) జన్యు పరీక్షలకూ ఆ బ్లాకే కావాలి కాబట్టి పని కాగానే తిరిగి తెచ్చుకోండి. అది మైనం. మే నెలలో మా ఎండకు కారులో వదిలేసి భోజనానికి వెళ్లొద్దు, చేతి సంచిలోనే పెట్టుకోండి.