బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే: తిప్పించుకోవడమా, నేరుగా సిజేరియనా?

తొమ్మిదో నెల స్కానింగ్‌లో ‘బ్రీచ్’ అని, అంటే బిడ్డ తల పైకి, పిరుదులో కాళ్లో కిందికి ఉన్నాయని రాగానే అందరూ నన్ను అడిగేది ఒకటే. అక్కా, పొట్ట మీద నుంచి బిడ్డను తిప్పుతారట కదా, అది చేయించుకోవాలా, లేక డాక్టరు ఇచ్చిన తేదీకి ఆపరేషన్‌కు వెళ్లిపోవాలా? నాకు తొలి కాన్పులో తిప్పారు, మా తోడికోడలికి తిప్పినా తిరగక సిజేరియన్ అయింది. అంటే రెండూ దగ్గర నుంచి చూశాను.

ఇంకా 30, 32 వారాల్లో ఉన్నవాళ్లు ఇప్పుడే టెన్షన్ పడకండి. 28వ వారం ప్రాంతంలో నలుగురైదుగురిలో ఒకరికి బిడ్డ తల పైకే ఉంటుంది, నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురే అలా మిగులుతారు. తొలి చూలైతే 36 వారాలకు, అంతకుముందు కాన్పు అయినవాళ్లకు 37 వారాలకు ఇంకా తిరగకపోతే అప్పుడు తేల్చుకోవాల్సిన విషయం ఇది.

తిప్పడాన్ని డాక్టర్లు ఈసీవీ అంటారు. ముందు స్కాన్ చేసి బిడ్డ ఎటు ఉందో, ఉమ్మనీరు సరిపడా ఉందో చూస్తారు, పొట్టకు బెల్టులు కట్టి బిడ్డ గుండె చప్పుడు కాసేపు రికార్డు చేస్తారు. గర్భసంచి వదులయ్యేందుకు ఒక ఇంజెక్షన్ ఇస్తారు, దానికి గుండె దడదడలాడి చేతులు వణుకుతాయి, భయపడకండి. ఆ తర్వాత జెల్ రాసి, డాక్టరు ఒక చేత్తో బిడ్డ పిరుదులను కటి ఎముకల్లోంచి పైకి లేపి, రెండో చేత్తో తలను పక్కకు నెడుతూ పిల్లిమొగ్గ వేయించినట్టు తిప్పుతారు. పని అయ్యేది కొద్ది నిమిషాల్లోనే, కానీ నొప్పి లేదని మాత్రం నేను చెప్పను, పళ్ల బిగువున పట్టుకోవాల్సి వచ్చింది. ఆపమంటే ఆపుతారు. అయ్యాక మళ్లీ బెల్టులు కట్టి గుండె చప్పుడు చూస్తారు, మీది నెగెటివ్ బ్లడ్ గ్రూపైతే, బిడ్డ రక్తం మీ రక్తంలో కలిసినా ఇబ్బంది రాకుండా యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు.

సగటున సగం మందికి తిరుగుతుంది, తొలి చూలైతే నూటికి నలభై, ముందు కాన్పు అయి ఉంటే అరవై దాకా. తిరిగాక మళ్లీ తల పైకి వచ్చేసేది నూటికి ఐదుగురిలోపే. తిప్పడం వల్ల వెంటనే సిజేరియన్ చేయాల్సి వచ్చేది రెండు వందల్లో ఒకరికి, అందుకే ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలో తప్ప చేయించుకోకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరినో పిలిపించి నూనె రాసి పొట్ట తిప్పిస్తామంటే మాత్రం గట్టిగా వద్దని చెప్పండి. మాయ కిందికి ఉన్నా, రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, కవలలైనా ఈసీవీ ప్రసక్తే లేదు.

సిజేరియన్ సంగతికొస్తే, ఈ ఒక్క కాన్పు వరకే చూసుకుంటే ఎదురుకాళ్ల బిడ్డకు అదే భద్రం. ఎదురుకాళ్ల బిడ్డకు సిజేరియన్‌నూ నార్మల్ కాన్పునూ పోల్చి చూసిన ‘టర్మ్ బ్రీచ్ ట్రయల్’ అనే పరిశోధన 2000లో వచ్చాక ప్రపంచమంతా అటే మొగ్గింది. కానీ నా దృష్టిలో అసలు తేల్చేది తర్వాతి కాన్పు. తొలి కాన్పు పెద్దాపరేషన్ అయితే రెండోది నార్మల్‌కు ప్రయత్నిద్దామనే డాక్టరు మన ఊళ్లలో అంత సులువుగా దొరకరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై పైన, ఆంధ్రప్రదేశ్‌లో నలభై రెండు కాన్పులు ఆపరేషన్లే, అలాంటి చోట పాత కుట్టు ఉందంటే మళ్లీ కోతే అనుకోండి. కుట్టు పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ ఆ మచ్చ మీద అతుక్కుపోయే ప్రమాదమూ పెరుగుతుంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే తిప్పడానికి ఒకసారి ప్రయత్నించి చూడాలనే నేనంటాను, నా రెండో కాన్పు నార్మల్ అయిందంటే దాని వల్లే. ఇక పిల్లలు చాలనుకున్నవాళ్లు, ఆ నొప్పి తలచుకుంటేనే వణికేవాళ్లు నేరుగా ఆపరేషన్‌కు వెళ్తే అందులో తప్పేమీ లేదు. తిరగకపోయినా దారి మూసుకుపోదు, మా తోడికోడలు ఆ తర్వాత నిశ్చింతగా ఆపరేషన్‌కు వెళ్లింది, తల్లీబిడ్డా క్షేమం.

ఎదురుకాళ్లతోనే నార్మల్ కాన్పు మూడో దారి, కాకపోతే అది చేయించే చేయి తిరిగిన డాక్టర్లు బాగా తగ్గిపోయారు. పాదాలు కిందికి ఉన్న బిడ్డకైతే బొడ్డుతాడు జారే ప్రమాదం కూడా ఎక్కువ. ఇక బిడ్డ తనంతట తాను తిరగాలని మోకాళ్ల మీద వంగి పడుకోవడం, పొట్ట కింద టార్చి వేయడం, పాటలు వినిపించడం లాంటివాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఆపరేషన్‌కే వెళ్తే ముహూర్తం కోసం తేదీని 37వ వారానికి లాగకండి, బిడ్డకు ఊపిరి ఇబ్బంది వస్తుంది. 39వ వారం దాకా ఆగనివ్వండి. ఈలోగా ఉమ్మనీరు పోతే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి బయల్దేరండి. ఏ దారిన పుట్టినా, చివరి వారాల్లో ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డకు ఆరు వారాల వయసులో తుంటి స్కాన్ చేయించండి, తుంటి కీలు వదులుగా ఉండే అవకాశం వీళ్లలో ఎక్కువ, ఆ వయసులో పట్టుకుంటే బెల్టుతోనే చాలావరకు సర్దుకుంటుంది.