రేర్, స్కేర్స్: రెండూ అరుదేనా?
ఇంగ్లీషులోని 'రేర్', 'స్కేర్స్' రెండింటినీ మనం 'అరుదు' అనే రాసేస్తుంటాం. కలివి కోడి అనే పక్షి రేర్. 1986లో కడప ప్రాంతంలో మళ్లీ కనిపించేదాకా అది అంతరించిందనే అనుకున్నారు. దాన్ని స్కేర్స్ అంటే మాత్రం, సంతలో కొనబోతే దొరకలేదన్నట్టు ఉంటుంది! స్కేర్స్‌లో అవసరం దాగి ఉంది. ఉల్లిపాయ ఏనాడూ రేర్ కాదు. ధర మండిపోయే రోజుల్లో మాత్రం స్కేర్స్. మన 'కొరత', 'కరవు' దీనికే సరిపోతాయి.

'రేర్‌లీ' అంటే ఎప్పుడో ఒకసారి. 'స్కేర్స్‌లీ' అంటే అంతంతమాత్రం. సగం ఉడికిన మాంసాన్నీ రేర్ అంటారు గానీ, దాని పుట్టుక వేరు. 'రేర్ ఎర్త్' అనే లోహాల పేరైతే మరీ మోసం: వాటిలో ఒకటైన సీరియం భూమి పైపొరలో సీసం కన్నా ఎక్కువే ఉంది.